భీమిలి రేవున ఒక కార్తికోదయము

విశాఖపట్టణమునకు చుట్టపుచూపుగ వచ్చినవారికి మేము చూపునవి కొన్ని కలవు. యారాడకొండ, ఓడరేవు, ఉక్కు కర్మాగారము, కైలాసగిరి, సింహాచలము. వచ్చినవారును వానిని చూచి, సముద్రములో పాదములు తడుపుకొని, కాల్చిన మొక్కజొన్నకండె నమలి, సంతుష్టులై పోవుదురు. భీమునిపట్టణము పోవుదము రండని నేనెప్పుడైన అన్నచో, "అచ్చట నేమున్నది?" అని అడుగుదురు. ఆ ప్రశ్నకు నాకు చాలకాలము సరియైన సమాధానము దొరకలేదు. సమాధులున్నవి, చేపలున్నవి అన్నచో సెలవులకు వచ్చిన చుట్టములకు రుచించునా?

కడచిన కార్తికమాసములో మా వదినగారు సముద్రస్నానము చేయవలెనని సంకల్పించి, "నగరపు టొడ్డున జనులు క్రిక్కిఱిసి యుందురు, భీమిలికే పోవుదము" అని తామే యనిరి. నేను మాఱుపలుకక చీకటితోనే లేచి బయలుదేఱితిని.

నగరమునుండి భీమిలికి సుమారు 25 కిలోమీటర్లు. బాట సముద్రమును అంటిపెట్టుకొని పోవును. కుడివైపున నీరు, ఎడమవైపున కొండలు. ఆ కొండలలో నొకటి తొట్లకొండ; రెండువేల యేండ్లకు పూర్వము బౌద్ధభిక్షువులు నివసించి, వాననీరు నిలుపుకొనుటకై రాతిలో తొట్లు తొలుచుకొన్న చోటు. దాని దిగువనే మంగమారిపేట, ఆ పిమ్మట చేపల ఉప్పాడ, అన్నియు జాలరుల పల్లెలే. భీమిలి సమీపించుచుండగా ఎఱ్ఱమట్టి దిబ్బలు కనబడును. వేలకొలది యేండ్లు గాలియు, నీరును పేర్చిన ఇసుక అది; వానకు కోసికొనిపోయి లోయలు లోయలుగా నున్నది. ఆ చీకటిలో వాని యెఱుపు మాకు కనబడలేదు. తిరుగుప్రయాణములో చూతమనుకొంటిమి గాని, అప్పటికి మా మనస్సు వేఱొకచోట నుండెను.

బస్సు దిగునప్పటికి తూర్పు తెల్లవారుచుండెను. గోస్తనీనది సముద్రమున కలియు చోటికి నడచితిమి. బొఱ్ఱా గుహల క్రింద పాఱి, కొండలు దిగి వచ్చు గోస్తని యిదియే. స్నానములైన పిమ్మట వదినగారు అరటిదొప్పలో దీపము వెలిగించి నీట విడిచిరి. అల దానిని వెనుకకు తెచ్చి మా కాళ్లయొద్దనే పడవైచినది. మఱల వెలిగించి విడిచిరి, మఱల వచ్చినది. పదేండ్ల జాలరిపిల్లవాడొకడు ఇదంతయు చూచుచుండి, "ఇలాగ ఇవ్వండమ్మా" అని దొప్ప నందుకొని, మొలబంటి నీటిలోనికి పోయి, అల విఱుగు చోటు దాటించి విడిచి వచ్చెను. దీపము పోయినది. వదినగారు వానికి పది రూపాయలియ్యబోగా వాడు పుచ్చుకొనక, "మా అమ్మ తిడతాది" అని నవ్వుచు పరుగెత్తెను.

తెప్పలు వచ్చుటకు ఇంకను రెండు గంటలున్నవని తెలిసి, ఊరు చూడబోతిమి.

ఊరి పేరునకు కారణము భీమసేనుడందురు. బకాసురుని వధ యిచ్చటనే జరిగినదని స్థలపురాణము. పైనున్న పావురాళ్లకొండమీద నరసింహస్వామి గుడియు, బౌద్ధవిహారపు శిథిలములును ఉన్నవి. కాని భీమిలిలో నన్ను ప్రతిసారియు నిలువబెట్టునవి డచ్చివారి గోరీలు. డచ్చివారిని, అనగా హాలండు దేశస్థులను, మన పూర్వులు వలందావారనిరి. బందరులో వలందపాలెము అను పేట నేటికిని వారి పేరనే యున్నది. వారు 17వ శతాబ్దమున భీమునిపట్టణములో వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. మన సాలెలు నేసిన బట్టలను ఇచ్చట కొని, ఓడల కెత్తి, జావా మొదలగు తూర్పుదీవులకు కొనిపోయి, అచ్చట ఆ బట్టలకు బదులుగా లవంగములు, జాజికాయలు సంపాదించి, వానిని తమ దేశమునకు పంపుచుండిరి. మన పోపులపెట్టెలో మూలపడియుండు రెండు దినుసుల కొఱకు ఇంతటి తిరుగుడు! ఊరు 1781 మొదలు కొన్ని మార్లు ఆంగ్లేయుల చేతికి పోవుచు, వచ్చుచు, 1824నాటి లండను ఒడంబడిక ననుసరించి 1825లో శాశ్వతముగ వారి వశమైనది.

ఆ వలందావారి శ్మశానము సముద్రమునకు దాపున నున్నది. కొన్ని గోరీలు మన గుడిగోపురముల పోలికను పైకి పోనుపోను సన్నగిల్లుచుండును. రాళ్లమీది అక్షరములను ఉప్పుగాలి చాలవఱకు తినివైచినది. నెలలకొలది ఓడలో ప్రయాణము చేసి, ఈ యెండకు, ఈ జ్వరములకు తాళలేక పడిపోయినవారు. వదినగారు వారి గోరీల నడుమ తడిచీరతోనే నిలుచుండి, "ఇక్కడ పోయినవాని కబురు అక్కడి తల్లికి చేరుటకు ఎన్ని నెలలు పట్టెడిదో!" అనిరి. నేనెన్ని మార్లు వచ్చినను సంవత్సరములను, లిపిని చూచితినే గాని, ఆ తల్లి సంగతి నాకు తోచలేదు.

ఆ పిమ్మటి కథ గోగునారది. మనము గోంగూరయని పచ్చడి నూఱుకొను జాతి మొక్కలనుండియే గోగునార వచ్చును. ఈ ప్రాంతమున అది విస్తారముగ పండి, భీమిలి రేవునుండి ఓడల కెక్కెడిది. ఆంగ్లేయులు భీమునిపట్టణమును బింలిపటమని పిలిచిరి గనుక, లోకములోని వర్తకులు ఆ నారకు బింలీ జనుమని పేరుపెట్టిరి. చేరువనే చిట్టివలసలో జనపనార మిల్లు వెలసినది. అదియు మూతబడి పదేండ్లు దాటినది. భీమిలి 1861లోనే పురపాలక సంఘమైనది. అయినను ఓడ యిచ్చట గట్టున కానుకొనలేదు. దూరమున లంగరు వేయవలెను, సరకును పడవలలో అలలు దాటించి చేర్పవలెను. 1933లో విశాఖపట్టణమున లోపలికి ఓడలు వచ్చు రేవు తెఱవబడినది. ఇంక ఈ యలల బాధ ఎవరు పడుదురు? ఓడలు క్రమముగ మానినవి. 2013లో ఈ పురపాలక సంఘమును విశాఖ మహానగరములో కలిపిరి. నూటయేబది యేండ్ల పురము మఱియొక పురమునకు పేట యైనది.

ఓడలు పోయినవి గాని తెప్పలు పోలేదు.

మేము ఒడ్డునకు తిరిగి వచ్చునప్పటికి ఆడువారు వచ్చి కూర్చుండియుండిరి. నలుబదిమంది కంటె తక్కువ యుండరు. ఒక్కొక్కతె యెదుట ఒక్కొక్క గంప, గంపలో చుట్టకుదురు, త్రాసు, ఒక కత్తి. కొందఱు తమలపాకులు నమలుచు, కొందఱు చుట్ట కాల్చుచు, ఒకతె మనుమనికి చద్దియన్నము తినిపించుచు నుండిరి. అందఱి మాటలు నేలమీద, అందఱి చూపులు నీటిమీద.

జాలరుల దినచర్యను గాలి నిర్ణయించును. రాత్రి నేల త్వరగా చల్లబడును గనుక గాలి నేలనుండి సముద్రముమీదికి వీచును. ఆ గాలితో అర్ధరాత్రము దాటినపిమ్మట తెప్పలు పోవును. ప్రొద్దెక్కినకొలది నేల వేడెక్కి, గాలి తిరిగి సముద్రమునుండి ఒడ్డునకు వీచును. ఆ గాలితో మఱలును. ఇప్పుడు ఇంజనులు వచ్చినవి. గాలి కొఱకు వేచియుండ నక్కఱలేదు. అయినను వేళ మాత్రము పూర్వపుదే. తెప్పయనగా మునుపు దుంగలను త్రాళ్లతో కట్టినది. నేడు అది ఫైబరుతో చేసిన పడవ. పేరు మాత్రము తెప్పయే. మన యిండ్లలో గ్యాసుపొయ్యి మీద వండుచును కట్టెలపొయ్యి నాటి మాటలే మాటాడుటలేదా?

నలుబదియైదేండ్ల ప్రాయముగల యొక యమ్మ ప్రక్కన మేము కూర్చుంటిమి. మొదట ఆమె మమ్ము కొనుగోలుకు వచ్చినవారనుకొని ఉత్సాహపడినది. వదినగారి నుదుటి విభూతియు, చేతిలోని ప్రమిదయు చూచి, "కార్తీకమా తల్లీ?" అని నవ్వినది.

"కార్తీకం వొచ్చిందంటే మీ ఇళ్లల్లో సేప ఉండదు. దేవుడి పని, మంచిదే. గానీ సముద్రానికి కార్తీకం తెల్దు కదా. అది ఇచ్చీది ఇస్తానే ఉంటాది. తెచ్చిన సేప కొనీవోలు నేక, సగం దరకి ఇచ్చీసి ఎల్లిపోతాం."

వదినగారు ఏమియు అనలేదు. ముప్పదియేండ్లుగా కార్తికమున మాంసము, మత్స్యము విడుచు నిష్ఠాపరురాలు ఆమె. ఆ నిష్ఠకు ఇంకొక యింట కూడ లెక్క పడుచున్నదని మాకిద్దఱికిని అంతవఱకు తెలియదు. ఇందుకు వ్రతము మానవలెనని నేననను, ఆ యమ్మయు అనలేదు. ఉన్న సంగతి చెప్పుచున్నాను.

ఈ వర్తకమును గూర్చి ఆమె చెప్పినది సోదరీమణులు వినదగినది. మనము గుమ్మములో నిలుచుండి "కిలో ఎంత? చాల ప్రియము!" అనునప్పుడు ఆ ధర వెనుక నేమున్నదో మనకు తెలియదు. తెప్ప ఒడ్డు చేరగనే చేపను కుప్పలుగా పోసి పాట పాడుదురు. ఎక్కువకు పాడినవారిది కుప్ప. పాట సొమ్ము అప్పటికప్పుడో, సాయంకాలమునకో చెల్లింపవలెను. ఆ సొమ్ము ఆమెయొద్ద నుండదు, వడ్డీకి తెచ్చుకొనును. తెప్ప యజమానియు వలకు, ఇంజనుకు వర్తకునియొద్ద ముందుగా అప్పు తీసికొనియుండును గనుక, వంజరము, చందువ వంటి మేలిజాతులు ఆ వర్తకునికే చెప్పిన ధరకు పోవును. గంపకు మిగులునవి కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు, సావళ్లు. అటుపై మంచుగడ్డ కొనవలెను. ఆటోవాండ్రు నీరు కాఱుననియు, వాసన యనియు ఎక్కించుకొనరు. ఎక్కించుకొన్నచో రెండింతలు అడుగుదురు. పూర్వము ఆమె అత్తగారు గంప నెత్తికెత్తుకొని పరుగువంటి నడకతో పది, పండ్రెండు మైళ్లు పల్లెలు తిరిగెడిదట. చేప చెడకమునుపే అమ్మవలెను గనుక ఆ పరుగు. ప్రొద్దు వ్రాలునప్పటికి మిగిలినదానిని కోసి, ఉప్పు పట్టించి, ఇసుకలో ఎండబెట్టుకొందురు. ఎండుచేపకు మాత్రము కొంత ఓపిక యున్నది. అది సంతవఱకు నిలుచును. వానలు పట్టినచో అదియు లేదు.

"మరి మీ ఆయన సంపాదన?" అని వదినగారడిగిరి.

"ఆడు తెచ్చీది సేప తల్లీ. డబ్బు సేసీది నేను." ఈ మాట చెప్పునప్పుడు ఆమె గొంతులో కొంత దర్పము ధ్వనించినది. ఆ దర్పము న్యాయమైనది. మన తీరమున ఆడువారు వేటకు సముద్రముమీదికి పోవు ఆచారము లేదు. కాని చేప ఇసుకను తాకిన క్షణమునుండి అది ఆడువారిది. రూపాయి ఆమె కొంగున ముడిపడును, ఇల్లు ఆ కొంగునుండియే నడచును. చదువుకొన్న మన యిండ్లలో ఎందఱు స్త్రీలకు ఆ ముడి యున్నది?

జపాను దేశమున, మియే ప్రాంతములోని తోబా, షిమా తీరములయందు, "అమ" అను పేరుగల స్త్రీలున్నారు. సముద్రపు స్త్రీలని ఆ మాట కర్థము. వీరు నీటిలోపల గాలి పీల్చుకొను సాధనమేదియు లేక, ఊపిరి బిగబట్టి అడుగునకు మునిగి, రాళ్ల కంటియుండు గుల్లలను, సముద్రపు నాచును ఏఱి తెత్తురు. పైకి వచ్చినప్పుడు వారు విడుచు ఊపిరి ఈలవలె వినబడునట. మునుకలు చాలించి ఒడ్డుననున్న తమ గుడిసెలలో నిప్పు చుట్టు చేరి చలికాచుకొనుచు, సంసారముల సంగతులు మాటాడుకొందురు. ఇప్పుడు వారి సంఖ్య మిక్కిలి తగ్గినది. ఉన్నవారిలో పెక్కుమంది ఏబది, అఱువది దాటినవారు. కూఁతుండ్రు పట్టణములకు పోయి ఉద్యోగములు చేయుచున్నారు. నేను ఈ సంగతి చెప్పగా, ఆ యమ్మ చాలసేపు వినినది. "ఆలు ములుగుతారా? మొగోలు ఏటి సేస్తారు?" అని మాత్రమడిగి, ప్రక్కనున్నవారికి చెప్పి నవ్వించినది. పిమ్మట, "మా గుంట కూడా అంతే. కాలేజీకి ఎల్తంది. గంప ముట్టుకోనంటాది. ముట్టుకోవొద్దనే నేనూ అన్నాను" అనినది.

జపాను పేరు వినగానే విశాఖ ముసలివారికి వేఱొక సంగతి జ్ఞప్తికి వచ్చెడిది. 1942 ఏప్రిల్ 6వ తేదీన ఆ దేశపు విమానములు విశాఖపట్టణముమీద బాంబులు వేసినవి. జనులు మూటలు కట్టుకొని పల్లెలకు పరుగెత్తిరి. అటుపై సుమారు పాతికేండ్లకే, బైలదిల్లా కొండల యినుపరాయి ఆ జపానుకే పోవుటకై కొత్తవలసనుండి కిరండూలు వఱకు రైలుమార్గము పడుట, ఆ ఖనిజము మన రేవునుండి ఓడ లెక్కుట తటస్థించినది. దేశములు ఇట్లు పగలు మఱచి బేరములు చేసికొనుచుండ, బేరములో పాలులేని పల్లెలు కొన్ని కదలిపోయినవి. రేవునకు, కర్మాగారమునకు, నౌకాదళమునకు స్థలము కావలసివచ్చినప్పుడెల్ల సముద్రపు టొడ్డుననుండు జాలరియే ముందు లేవవలసినవాడు. విశాఖ రేవు ముఖమున ఇసుక మేటవేయకుండుటకు కట్టిన గట్టులు, ఉత్తరమునకు కొట్టుకొని వచ్చు ఇసుకను ఆపివేయును. ఆ ఇసుకను యంత్రములతో తోడి నగరపు తీరమున పోయుచుండవలెను; లేనిచో తీరము తఱిగిపోవును. ఈ ఇసుక సంగతి ఇంజనీర్ల కంటె తమకే ముందు తెలియునని ఒడ్డున వలలు బాగుచేసికొనుచున్న వృద్ధుడొకడు మాతో అనెను. పెద్దవల లాగుటకు ఇప్పుడు చోటు లేదట.

ఈ పెద్దవలను నేను చిన్ననాడు చూచితిని. పడవలో వలను తీసికొనిపోయి, సముద్రములో అర్ధచంద్రాకారముగ విడిచి, రెండు త్రాళ్లను ఒడ్డునకు తెత్తురు. ఒక్కొక్క త్రాటికి ఇరువది, ముప్పదిమంది చేరి, పదము పాడుచు, కాళ్లు ఇసుకలో తన్నిపెట్టి లాగుదురు. వల దగ్గఱకు వచ్చుకొలది నీరంతయు వెండివలె తళతళలాడును. లాగినవారందఱికిని వాటా యుండెడిది. వల యజమానికి కొన్ని పాళ్లు, పడవకు కొన్ని, చేయి వేసినవారికి తలకొకటి. విధవకును, చేతకాని ముసలివానికిని త్రాటి కొసను పట్టుకొని నిలుచున్నందుకు పిడికెడు చేపలు దొరకెడివి. ఇంజను పడవలో పోవువారు నలుగురైదుగురు. వారి లాభము వారిది, నష్టము వారిది. త్రాటి కొస పట్టుకొను చోటు అందులో లేదు.

గంట యెనిమిది దాటినది. రెండు తెప్పలు వచ్చినవి, పాట జరిగినది, కొందఱు గంపలు నింపుకొని లేచిపోయిరి. మా ప్రక్కనున్న యమ్మ కదలలేదు. ఆమె భర్త పోయిన తెప్ప ఇంకను రాలేదు. బంగాళాఖాతమున కార్తికము తుపానుల కాలము. హుద్‌హుద్ తుపాను విశాఖను ధ్వంసము చేసినది 2014 అక్టోబరు 12న. ఆ యేడు గాలికి ఈ యొడ్డుననున్న తెప్పలు ఇండ్లమీదికి వచ్చిపడినవని ఆమె చెప్పినది. ఆ ఉదయమున ఆకాశము నిర్మలముగనే యున్నది. అయినను రెండు దినములకు పూర్వము అల్పపీడనమని రేడియోలో చెప్పిరట. ఫోను చేసి చూడరాదా యని నేనంటిని. "ఒడ్డు దాటితే ఫోను అందదు తల్లీ" అని, అయినను కొంగుముడినుండి ఫోను తీసి, ఒకమారు నొక్కి, చెవియొద్ద పెట్టుకొని, మఱల కొంగున కట్టుకొన్నది. ఆ పని ఆ గంటలో నాలుగుమార్లు చేసినది.

ఆమెకు ఒక కొడుకు కూడ నున్నాడు. వాడిచ్చట లేడు. గుజరాతు రాష్ట్రములోని వెరావలు అను రేవునకు పోయి, అచ్చటి మరపడవలమీద కూలికి పనిచేయుచున్నాడు. ఉత్తరాంధ్రమునుండి ఏటేట ఎందఱో యువకులట్లు పోవుదురు. దినములతరబడి సముద్రముమీదనే యుందురు. మన యొడ్డున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు, చేప గ్రుడ్లు పెట్టు కాలమని మరపడవల వేట నిషిద్ధము. ఆ రెండు నెలల అప్పు తీర్చుటకు తక్కిన పది నెలలు చాలనప్పుడు వెరావలు కనబడును. 2018లో అట్లు పోయిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల జాలరులు, నీటిమీద గీతలేని సరిహద్దును తెలియక దాటి, పాకిస్తాను వారికి చిక్కిరి. వారి భార్యలు, తల్లులు, ఎన్నడును జిల్లా దాటనివారు, అధికారుల గుమ్మములచుట్టు తిరిగిరి. 2020 జనవరి 6వ తేదీన వారిలో 20 మంది వాఘా సరిహద్దువద్ద విడుదలై యింటికి వచ్చిరి. పదమూడు నెలలు! వలందావారి గోరీలయొద్ద వదినగారన్న మాట నాకప్పుడు మఱల జ్ఞప్తికి వచ్చినది. ఓడల కాలము పోయి ఫోనుల కాలము వచ్చినను, తల్లికి కబురు చేరుట సముద్రము దయమీదనే యున్నది.

"ఆళ్లని తెచ్చినప్పుడు మా ఊల్లో కూడా టీవీ ముందరే కూకున్నాం. మా ఓడు ఆళ్లలో నేడు. అయినా ఏడుపొచ్చింది" అని ఆమె చెప్పినది. కోడలు చంటిబిడ్డతో ఇంటనున్నది. కొడుకు వారమున కొకమారు ఒడ్డుకు వచ్చినప్పుడు మాటాడును. బిడ్డకు తండ్రి మొగము ఫోనులో తెలియునే గాని ఎత్తుకొన్న చేయి తెలియదు.

తొమ్మిదిన్నరకు దూరమున ఒక చుక్క కనబడినది. మాకు అది చుక్కయే. ఆమెకు మాత్రము తెప్ప రంగు, దానిమీది గుడ్డ, ఎందఱున్నారు, అన్నియు తెలిసినవి. "నలుగురూ ఉన్నారు" అని ఒక్కమాట. పిమ్మట కొంగుతో మొగము తుడుచుకొని, అప్పుడే వచ్చినదానివలె లేచి, చీర బిగించి, గంప తీసికొని నీటియంచునకు నడచినది.

తెప్ప అలల వరుసను దాటునప్పుడు ఒక్క క్షణము నిలువుగ లేచినది. వదినగారు నా చేయి గట్టిగా పట్టుకొనిరి. ఒడ్డుననున్నవారెవ్వరును దానిని గమనింపనైన లేదు. వారి చూపు లప్పుడే వలలో నేమున్నదని వెదకుచుండెను. ఇంజను ఆగిపోయి, తెడ్లతో వచ్చినందున ఆలస్యమట. ఆమె భర్త దిగి, ఆమెను చూచి, "ఏటే, ఇంకా ఇక్కడే ఉన్నావా?" అనెను. "ఎక్కడికెల్తాను, గంప కాలీగా?" అని ఆమె ప్రత్యుత్తరము. వారి కుశలప్రశ్న అంతటితో ముగిసినది.

పడినవి స్వల్పము. ఒకటిన్నర గంప కానాగంతలు, కొన్ని పీతలు, మూడు చందువలు. చందువలు వర్తకుని మనిషి తీసికొనిపోయెను. కానాగంతలకు పాట మొదలైనది. ఇచ్చట ఒక వింత జరిగినది. చేప ముట్టరాని మాసములో, కొనవలసిన పనిలేక, విభూతి పెట్టుకొని నిలుచున్న మా వదినగారు, పాట విని విని యుండబట్టలేక, "అంతేనా? ఆ కుప్పకు అంత తక్కువా? మా వీధిలో దీనికి రెండింతలు అమ్ముచున్నారే!" అని పైకే అనిరి. జీవితమంతయు ధర తగ్గింపుమని గుమ్మములో నిలిచి బేరమాడిన ఆమె నోట ఆ మాట విని నేను నిర్ఘాంతపోతిని. ఆ పాటదారు నవ్వి, "అమ్మగోరు పాట పాడతారా?" అనెను. ఆడువారందఱును నవ్విరి. వదినగారును నవ్విరి. నవ్వులలో పాట ఇంకొక యేబది రూపాయలు పెరిగినది. కొన్నది ఆమెయే గనుక, పెరిగిన యేబదియు ఆమె అప్పులోనికే పోయినవి. ఈ సంగతి మాకు బస్సులో గాని తట్టలేదు.

ఆమె చేపలపై మంచు పొడి చల్లి, తడిగోనె కప్పి, చుట్టకుదురు తలమీద పెట్టుకొన్నది. మేమిద్దఱము చెఱియొక ప్రక్క పట్టి గంపను ఎత్తించితిమి. అంత బరువుండునని నేననుకొనలేదు. వదినగారి చీర కొంగున చేపనీరు కాఱినది. ఆమె దానిని చూచుకొని, ఏమియు అనక, కొంగును దోపుకొనిరి.

"పోలి సొర్గం ఎల్లిన మర్నాడు రండి తల్లీ" అని ఆ యమ్మ వెనుదిరిగి చెప్పినది. "మీకు ఒక చందువ తీసి ఉంచుతాను. దర మాత్రం తగ్గించను."

"తగ్గింపవద్దు" అని వదినగారనిరి.